డోసైల్‌కి ఉదాహరణ

ఆఫీసులో ఆమెను అందరూ ఉదాహరణమ్మ అంటారు. పిల్లల గైడ్లు, పదకోశాలు వేసే చిన్న ప్రచురణ సంస్థ అది. కింద అచ్చు మిషన్లు, పైన మూడు గదులు. ఒక గదిలో కిటికీ పక్కనున్న బల్ల ఆమెది. పెద్ద తరగతుల కోసం కష్టమైన ఇంగ్లీషు మాటల పుస్తకం ఒకటి మళ్ళీ కొత్తగా తయారవుతోంది. ప్రతి మాటకీ తెలుగులో అర్థం, దాని కింద ఒక ఉదాహరణ వాక్యం. అర్థాలు రిటైరైన మాస్టారొకరు రాసిచ్చారు. వాక్యాలు ఆమె పని.

ఆమెకు ముందు ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు పాత పుస్తకాల్లోంచి వాక్యాలు ఎత్తి, కొత్తగా కనపడాలని రాజుగారిని తీసేసి మేనేజరుగారిని పెట్టేవారు. దాంతో పోయిన ముద్రణలో ఒక మేనేజరు మంత్రి తల తీయించాడు, ఇంకొకాయన ఏనుగెక్కి ఊరేగాడు. ఆమె మాత్రం కళ్ళతో చూసిందో చెవులతో విన్నదో అయితేనే రాస్తానని మొదటిరోజే ఓనరుతో చెప్పింది.

"రాసుకోమ్మా, ఎవరొద్దన్నారు? మాట కింద వాక్యం ఉంటే చాలు," అన్నాడాయన, ఫోన్లోంచి తలెత్తకుండానే.

అప్పట్నుంచి ఆమె కళ్ళు ఊరుకోలేదు. వాయిదాలు వేయడం అనే 'ప్రొక్రాస్టినేట్'కి ఇంటి ముందు సగం తవ్వి వదిలేసిన కాలువ దొరికింది. లెక్కలేనితనం అనే 'ఇంపెర్టినెంట్'కి చిల్లర అడిగితే పాట అందుకున్న బస్సు కండక్టరు దొరికాడు. పెద్దమనసు అనే 'మాగ్నానిమస్' చాలారోజులు ఏడిపించింది. చివరికి కిటికీ సీటును తమ్ముడికి వదిలేసిన ఒక స్కూలు పిల్ల కనపడ్డాక ఊపిరి పీల్చుకుంది.

ఇంట్లో ఉండేది ఆమే, అత్తగారూ. భర్త పోయి చాలా ఏళ్ళయింది. అత్తగారికి ఇంగ్లీషు రాదు గానీ అనుమానం బాగా వచ్చు.

"నా మీద ఏం రాశావే?"

"గారులస్ అని ఒక మాటుంది అత్తయ్యా. దానికి మీరే."

"అంటే?"

"తెగ మాట్లాడేవాళ్ళు."

"పచ్చి అబద్ధం! నిన్నంతా నోరెత్తానా?"

"నిన్న మీకు గొంతు పట్టేసింది."

"అయితే అదీ రాయి. గొంతు పట్టేసినప్పుడు తప్ప అని రాయి. రాస్తే నిజం రాయాలి."

ఆమె అలాగే రాసింది.

పుస్తకం దాదాపు పూర్తయింది. ఊళ్ళో చాలా బ్రాంచీలున్న ఒక పెద్ద స్కూలు వాళ్ళు కొంటామని, ముందు మచ్చుకు కొన్ని పేజీలు పంపమన్నారు. పంపిన పేజీలు తిరిగొచ్చాయి. ఒక వాక్యం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. ఓనరు ఆ కాగితం పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

'డోసైల్: చెప్పినట్టు వినే, లొంగి ఉండే' అన్న అర్థం కింద ఆమె రాసిన వాక్యం ఇది: 'కుర్చీ చాలా డోసైల్, ఎవరొచ్చి కూర్చున్నా ఏమీ అనదు.'

"పాత పుస్తకంలో ఏముండేది?" అన్నాడు ఓనరు.

"మంచి కోడలు డోసైల్‌గా ఉంటుంది."

"మరి దానికేం రోగం? ఇన్నేళ్ళు పిల్లలు చదివారు, పాసయ్యారు. కోడలుండాల్సిన చోట కుర్చీ ఏంటమ్మా? వెటకారంగా ఉందంటున్నారు."

"అలాంటి కోడల్ని నేనెక్కడా చూడలేదండీ. కుర్చీని రోజూ చూస్తున్నాను."

"నువ్వు చూడకపోతే లోకంలో లేనట్టా?"

"ఉంటే చూపించండి, వెళ్ళి చూసొచ్చి రాస్తాను."

ఓనరు వెనక్కి తిరిగాడు. పక్క గదిలో టైపు చేసే అబ్బాయికి చెప్పి పాత వాక్యం పెట్టించాడు.

ఆ సాయంత్రం ఆమె అన్నం ముందు కూర్చుని ఊరికే కెలుకుతుంటే అత్తగారు ఆరా తీసింది. ఆమె జరిగిందంతా చెప్పింది. అత్తగారు కూర గిన్నె దగ్గరికి లాక్కుంది.

"అందులో తప్పేముందే? కోడలు మాట వినాలి."

"నేను వింటున్నానా?"

"ఎప్పుడు విన్నావు గనక?"

"మరి నన్ను చెడ్డదంటారా?"

"రోజూ అంటూనే ఉన్నానుగా! ఇంట్లో అంటాను, అది నా ఇష్టం. అంతేగానీ ఊళ్ళో పిల్లలందరి చేతా బట్టీ పట్టించానా?" అని, ఆమె కంచంలో ఇంకాస్త కూర వేసింది. "తిను. తినకుండా ఎవరితో పోట్లాడతావు?"

మర్నాడు చివరి ప్రూఫులు ఆమె బల్ల మీదికొచ్చాయి. ఆ ఆఫీసులో ఒక పద్ధతుంది. చివరి ప్రూఫు చదివినవాళ్ళు ప్రతి పేజీ అడుగునా సంతకం పెట్టాలి. సంతకం లేని పేజీని కింద మిషను ఎక్కించరు. ఒకసారి ఒక్క వరుస జారిపోయి, ప్రతి మాట కిందా పక్క మాట వాక్యం పడింది. దయగలవాడి కింద హంతకుడు, హంతకుడి కింద పాలబ్బాయి. ఆ తర్వాత ఓనరే ఈ పద్ధతి పెట్టి, కాగితం మీద రాయించి కింద గోడకి అంటించాడు.

ఆమె అన్ని పేజీలూ చదివింది, అన్నిటి మీదా సంతకం పెట్టింది, ఒక్కటి తప్ప. కాసేపటికి మిషను నడిపే బాబాయ్ ఆ పేజీ పట్టుకుని పైకొచ్చాడు.

"అమ్మాయ్, ఇది మర్చిపోయావు."

"మర్చిపోలేదు బాబాయ్."

ఆయన ఆమె మొహం చూశాడు, పేజీ చూశాడు, ఓనరు గది తలుపు తట్టాడు. ఓనరు బయటికొచ్చాడు.

"సంతకం పెట్టు."

"నేను రాయని వాక్యానికి పెట్టనండీ."

"పెట్టకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

"రాకపోయినా ఆ పేజీ మీద నా సంతకం ఉండదు కదండీ."

ఆమె గొంతు పెద్దది కాలేదు. కానీ ఈ ఉద్యోగం పోతే ఇంకోటి వెంటనే దొరకదని ఆమెకు తెలుసు.

"ఇటివ్వు, నేనే పెడతాను," అని ఓనరు పెన్ను తీశాడు.

"చదివారాండీ?" అన్నాడు బాబాయ్.

"నా పుస్తకం నేను చదివేదేంటయ్యా?"

"చదివినవాళ్ళే పెట్టాలని గోడమీద అంటించింది మీరే."

ఓనరు బాబాయ్ వైపు కోపంగా చూసి, అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టాడు. డోసైల్ దాటాడు. దాని కింద, తన మాటే వేదమనే 'డాగ్మాటిక్' దగ్గర ఆగిపోయాడు.

"'ఎండ ఎంత మండినా ఫ్యాను రెండు మీదే ఉండాలని ఆయన డాగ్మాటిక్‌గా అంటాడు.' ఎవరీయన?"

బాబాయ్ తలెత్తి పైకి చూశాడు. పైన ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. పక్క గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది.

"నన్నూ వదల్లేదన్నమాట."

"అది కావాలంటే కొట్టేయండి, ఇంకోటి రాసిస్తాను. కోడల్ని మాత్రం తీసేయండి."

"పోనీ ఆ డోసైల్ అనే మాటే లేపేద్దాం. నీకూ గొడవుండదు, వాళ్ళకీ ఉండదు."

"మాటేం పాపం చేసిందండీ? పిల్లలకి పరీక్షలో వస్తుంది. అర్థం తెలియాలి, ఉదాహరణా తెలియాలి."

బాబాయ్ కాళ్ళు మార్చి నిలబడ్డాడు. "మిషను ఖాళీగా ఉందండీ," అన్నాడు, ఎవరినీ చూడకుండా.

"పెట్టుకో! నీ కుర్చీ నువ్వే పెట్టుకో!" అని ఓనరు కాగితాన్ని బల్ల మీద విసిరి గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమె టైపు చేసే అబ్బాయి పక్కన నిలబడి వాక్యం మార్పించింది. కొత్త ప్రూఫు తీయించి, మొదట్నుంచి చివరిదాకా మళ్ళీ చదివి సంతకం పెట్టింది.

పుస్తకం అచ్చయింది. ఆ పెద్ద స్కూలు వాళ్ళు తీసుకోలేదు. చిన్న స్కూళ్ళు కొన్ని తీసుకున్నాయి. తర్వాతి సోమవారం ఓనరు ఆమెను పిలిచి, ఇక ఇంగ్లీషు పుస్తకాలు వద్దన్నాడు. లెక్కల గైడు చేతిలో పెట్టాడు.

"ఇందులో వాక్యాలతో పని లేదు. లెక్క సరిగ్గా ఉందో లేదో చూడు, చాలు."

ఆమె ఆ గైడుని బల్ల దగ్గరికి తీసుకెళ్ళి మధ్యాహ్నం దాకా చదివింది. తర్వాత లేచి ఓనరు గది గుమ్మంలో నిలబడింది.

"ఏంటమ్మా?"

"ఈ లెక్కల్లో గోడలు కట్టేది మగవాళ్ళేనండీ. మా సందులో గోడకి ఇటుకలందించింది ఇద్దరు ఆడవాళ్ళు, నేను చూశాను. పైగా ఈ నీళ్ళ తొట్టి, ఇన్నేళ్ళుగా ఒక పక్క నింపుతుంటే ఇంకో పక్క కారిపోతూనే ఉంది. ఎవరూ బాగుచేయించరా?"

ఓనరు తల పట్టుకున్నాడు. ఆమె పెన్ను మూత తీసి జవాబు కోసం నిలబడింది.