సావుగిటారు గుంట

ఆ రోజుల్లో నేను గిటారు భుజాన వేసుకుని బయటికి అడుగు పెడితే చాలు, దారిలో కనిపించిన ప్రతివాళ్ళూ చేస్తున్న పని ఆపి "ఎవులు పోనారు?" అని అడిగేవారు. ఎవరూ పోలేదని చెప్పినా నమ్మేవారు కాదు. షేర్ జీపు ఎక్కితే పక్కనున్నవాళ్ళు కొంచెం సర్దుకుని కూర్చునేవారు, నా మీద గౌరవంతో కాదు. మా కొండ మీద నాలుగు ఊళ్ళూ కలిసి నాకు 'సావుగిటారు గుంట' అని పేరు పెట్టేశాయి (మా వైపు గుంటంటే ఆడపిల్ల). పంతొమ్మిదేళ్ళ పిల్లకి అలాంటి పేరొస్తే రేపు సంబంధాలు ఎలా వస్తాయని మా అమ్మ బెంగ. ఇందులో ఊరి తప్పేమీ లేదు. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే.

మాది చింతపల్లి నుంచి జీపులో గంట పైన పట్టే కాఫీ తోటల ఊరు. ఇంటర్ పాసై, నర్సింగ్ సీటు కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్నాను. మా చర్చిలో పాస్టరు అయ్యగారి మేనల్లుడు విశాఖలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోతూ వదిలేసిన గిటారు ఒకటి గోడకి వేలాడుతుండేది. ఐదు తీగలే ఉండేవి, అవీ మా మంచుకి తుప్పు పట్టి ఉండేవి. దాన్ని నేర్చుకుంటానని అడిగాను. ఆదివారం ఆరాధనకి కీబోర్డూ డ్రమ్సూ ఉన్నాయి కనుక నీ అవసరం లేదన్నారు అయ్యగారు. కాసేపు ఆలోచించి, సమాధి కార్యక్రమాలకి రమ్మన్నారు. అక్కడ పాటలు నిదానంగా ఉంటాయి, చెయ్యి కుదురుతుంది అన్నారు. (పోయినవాళ్ళు తప్పులు పట్టరని ఆయన పైకి అనలేదు. మొహం మాత్రం ఆ మాటే అంది.)

నాకు గురువు ఫోనే. అప్పుడు మా ఊళ్ళో సిగ్నల్ లేదు. సంత రోజున చింతపల్లి వెళ్ళి, కొత్త తీగలు కొనుక్కుని, పాఠాల వీడియో ఒకటి దించుకున్నాను. సగం దిగేసరికి జీపు కదిలిపోయింది. ఆ సగంలో మూడు కార్డులు, అంటే తీగల మీద వేళ్ళు నొక్కే పట్లు, ఉన్నాయి: సి, జి, ఏ మైనర్. నాలుగోది ఎఫ్. మాస్టారు దాని పేరు చెప్పి చూపుడు వేలు పైకెత్తేసరికి వీడియో ఆగిపోయేది. మా సమాధి పాటలన్నింటికీ ఆ ఎఫ్ కావాలి. అందుకని అది రావాల్సిన చోట తీగలు వదిలేసి, చెక్క మీద అరచేత్తో టక్ మని కొట్టేదాన్ని. ఆ టక్ దగ్గరే తనకి గుండె తరుక్కుపోతుందని ఒక ముసలమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది కూడా.

ఆ వానాకాలం మా కొండకి కలిసిరాలేదు. జ్వరాలతో పోయినవాళ్ళున్నారు. ఘాట్ రోడ్డు మీద చెట్టు పడి, జీపు ఆగి, ఆసుపత్రికి చేరకుండానే జీపులో పోయినాయన ఉన్నాడు. మొదటి సమాధి నాడు నేను సి నుంచి జి కి మారేలోగా జనం ఒక చరణం ముందుకు వెళ్ళిపోయారు. మూడో సమాధికి వాళ్ళని అందుకున్నాను. పై ఊరి నుంచి పురిటి నొప్పులతో డోలీలో దింపుతుంటే దారిలోనే పోయిన అమ్మాయి సమాధికి, మొదటిసారి ఒక్క తప్పు లేకుండా వాయించాను. ఆ సంతోషం పట్టలేక ఇంటికి వస్తూనే అమ్మకి చెప్పాను. అన్నం పెడుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఆ పిల్లది నీ వయసేనే" అంది. మర్నాడు, ఇంట్లో ఆ పాటలు వాయించొద్దని గిటారు తీసి గుమ్మం బయట పెట్టింది.

అలా సాధనకి ఊరి పైనున్న కాఫీ తోటలోకి వెళ్ళాల్సి వచ్చింది. ఆ దారిలో చివరి ఇల్లు మిరియాల తాతది. ఆయనకి ఆ పేరు ఎందుకొచ్చిందంటే, సిల్వర్ ఓక్ చెట్లకి పాకించిన మిరియాల తీగల దగ్గరికి ఆ వయసులోనూ నిచ్చెన వేసుకుని ఎక్కేవాడు. అంతకు ముందటేడు ఆ నిచ్చెన మీంచే పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఈ వయసులో ఆపరేషన్ కి తట్టుకోలేడని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు. అప్పటి నుంచి పంచలో మంచం మీదే పడి ఉండేవాడు, దానికి తోడు దగ్గొకటి. నేను గిటారుతో ఆ ఇంటి ముందుకి వచ్చేసరికి, వాకిట్లో కాఫీ పళ్ళు ఆరబోస్తున్న ఆయన కోడలు నన్ను చూసి చేట వదిలేసి ఏడుపు అందుకుంది. అయ్యగారు నన్ను ముందుగానే పంపేశారనుకుంది పాపం. నేను అక్కడే రాయిలా నిలబడిపోయాను. అప్పుడు మంచం మీంచి మాట వినిపించింది.

"ఒలే గుంటా, నానింకా ఉన్నాను. ఇలగొచ్చి కూకో."

కూర్చున్నాను. వాయించమన్నాడు. సమాధి పాటలు తప్ప నాకేవీ రావని చెప్పాను. "అయ్యే వాయించు. సచ్చిపోనాక నాకేటి వినిపిస్తాది, ఇప్పుడే ఇంటాను" అన్నాడు. కోడలు ముక్కు చీదుకుంటూ లోపలికి పోయింది. పాట అయిపోయేదాకా కళ్ళు మూసుకుని విని, "పాట మద్దెలో ఆ టక్కుమని కొట్టేదేటి? అక్కడేదో తప్పిపోతంది" అన్నాడు. నాలుగు ఊళ్ళనీ ఏడిపించిన నా టక్, మంచం పట్టిన ముసలాయన దగ్గర దొరికిపోయింది. వయసులో ఉన్నప్పుడు థింసా ఆటలకి తుడుము అనే డప్పు వాయించేవాడని తర్వాత తెలిసింది. నిజం చెప్పేశాను, నాలుగో కార్డు రాదని. అయితే నేర్చుకో, నా సమాధి కాడ మాత్రం టక్కు కొట్టొద్దు అన్నాడు. నవ్వు రాబోయి దగ్గు వచ్చింది ఆయనకి.

ఆ తర్వాతి సంతకి వెళ్ళి, వీడియో మొత్తం దిగేదాకా రెండు జీపులు వదిలేసుకుని కూర్చున్నాను. ఎఫ్ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. చూపుడు వేలొక్కటే అడ్డంగా పడుకుని తీగలన్నింటినీ నొక్కాలి. మిగతా వేళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకోవాలి. ఎంత నొక్కినా రేకు డబ్బా చప్పుడే. రోజూ పొద్దున్నే తాత మంచం పక్కన పీట వేసుకుని అదే చప్పుడు చేస్తూ కూర్చునేదాన్ని. తప్పిన ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచి అందుకోమనేవాడు. ఒకరోజు వేలు నొప్పిగా ఉందన్నాను. "నా తుంటి సంగతి నీకెప్పుడైనా సెప్పేనా?" అన్నాడు. ఆ తర్వాత నా వేలి ఊసు ఎత్తలేదు. దుప్పటి మార్చేటప్పుడు కోడలూ కొడుకూ చెరోవైపు పట్టి ఆయన్ని తిప్పేవారు. అప్పుడు ఆయన పళ్ళు బిగించే తీరు చూడలేక నేను తోట కేసి చూసేదాన్ని. రానురానూ నా రాకకి ఆ కోడలి భయం పోయింది. తాగడానికి టీ కూడా ఇచ్చేది.

కాఫీ కోతలు సగం అయ్యాక, మంచు ఇంకా విడవని ఒక పొద్దున, ఎఫ్ పలికింది. పూర్తిగా, గంట కొట్టినట్టు. నమ్మలేక మళ్ళీ మీటాను. మళ్ళీ పలికింది. పాట మొత్తం టక్ లేకుండా వాయించాను. తాత తల ఊపాడు. అప్పుడు నా మనసులోకి ఒక ఆలోచన వచ్చింది, ఈ రోజుకీ చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. ఇక తాత పోవడమే మిగిలింది. నేనాయన వైపు ఎలా చూశానో ఏమో, ఆయన చాలా మామూలుగా అన్నాడు.

"నేర్సుకున్నావు గదాని నన్ను తొందరపెట్టకు. మిరియాలు పండనీ."

నేను గిటారు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. మర్నాడు కోడలు మా ఇంటికి వచ్చి, మావ నిన్ను రమ్మంటున్నాడని చెప్పి తీసుకెళ్ళింది. ఆ సంగతి ఆయన ఎత్తలేదు. సమాధి పాటలు విని విని విసుగొచ్చిందని, తుడుము దరువొకటి మంచం కోడు మీద వేళ్ళతో వాయించి, దాన్ని తీగల మీద పట్టుకోమన్నాడు. మిరియాలు పండే వరకూ మేం వాయించినవన్నీ గెంతులేసే పాటలే. మాట అన్నట్టే మిరియాలు పండాయి, కోశారు, ఆరబెట్టారు. ఒక వాన పడి కాఫీ తోటలన్నీ తెల్లగా పూసిన వారంలో, తెల్లవారేసరికి తాత లేడు.

మధ్యాహ్నం సమాధి. అయ్యగారు వాక్యం చదివాక నాకేసి చూశారు. మొదలుపెట్టాను. సి, జి, ఏ మైనర్ వాటంతటవే మారుతున్నాయి. ఇంతమందికి వాయించాను గదా, ఎప్పుడూ నా కళ్ళు నా వేళ్ళ మీదే ఉండేవి. జ్వరాలతో పోయినవాళ్ళ మొహాలు గానీ, డోలీలో వచ్చిన అమ్మాయి మొహం గానీ నేను చూడనే లేదు. ఆ రోజు వేళ్ళని చూడాల్సిన పని లేకపోయింది. చెయ్యి బాగా కుదిరిపోయింది. తలెత్తాను. పెట్టెలో తాత నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చెంప మీద ఎవరో సరిగా తుడవని పౌడరు. అంతే, ఎఫ్ దగ్గర చెయ్యి తీగల మీద ఉండిపోయింది గానీ నొక్కడం లేదు. చప్పుడు లేదు. జనం కూడా పాడటం ఆపేశారు. ఎదురుగా ఉన్న కోడలు చుట్టూ వచ్చి నా పక్కన నిలబడి, భుజం మీద చెయ్యి వేసింది.

"ఆపకమ్మా. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకో. మావ నీ సేత అలగే సేయించీవోడు గదా" అంది.

మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఎలా వాయించానో నాకు తెలియదు. బాగుందని ఎవరూ అనలేదు, నేను ఎవరినీ అడగలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, తాతతో మొదలుపెట్టి, పై ఊరి అమ్మాయి వరకూ అందరి కోసం వరసగా ఏడ్చాను.

తర్వాత సీటు వచ్చింది. ఇప్పుడు ఈ కొండల్లోనే ఒక ఆసుపత్రిలో నర్సుని. సెలవుల్లో పెళ్ళిళ్ళలో కూడా వాయిస్తాను, ఎవరూ బెదరడం లేదు. మొన్న మా అన్న పాత ఫోన్లోంచి ఒక వీడియో పంపాడు. ఏదో సమాధి, వాన, గొడుగుల కింద జనం. ముందు వరసలో ఒక బక్క గుంట, పెద్ద గిటారుని కౌగిలించుకుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, లోకంలో తన వేళ్ళు తప్ప ఇంకేమీ లేనట్టు వంగి కూర్చుంది. టక్ మని కొట్టింది కూడా, ఎంత ధీమాగానో. డ్యూటీ గదిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తలెత్తవే, ఒక్కసారి అటు పెట్టె కేసి చూడు అని ఫోన్ కి చెప్పాను. పిచ్చిపిల్ల, వీడియో అయిపోయేదాకా చూడలేదు.