కార్వేటినగరం గుడి ముందు నీళ్ళ పంపు మొరాయించిన రోజు

ఈ ప్రయాణం సరదాకి మొదలుపెట్టింది కాదు. మా ఆయనకు పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయి అప్పటికి ఎనిమిది నెలలు. కడుపు పక్కన రంధ్రం చేసి సంచీ తగిలించారు, ఇక మలవిసర్జనకు జీవితాంతం అదే దారి అన్నారు. తిరుపతిలో ముప్పై ఏళ్ళు ఆఫీసు ఉద్యోగం చేసినా, స్నానం, సంధ్యావందనం కాకుండా కాఫీ ముట్టని మనిషి ఆయన. ఆపరేషన్ తర్వాత ఇంట్లో పూజగది గడప కూడా దాటలేదు. "ఈ సంచీ పెట్టుకొని పెరుమాళ్ళ ముందుకు ఎట్ట పోయేదే?" అనేవారు. వాళ్ళ తాతగారు కార్వేటినగరం వేణుగోపాలస్వామికి ప్రసాదాలు వండినవారు. ఒక్కసారి ఆ గుళ్ళో అడుగుపెట్టాలని ఆయనకు ఒకటే కోరిక. చివరికి మా ఆచార్యులవారు ఫోన్లో, "గుడి ముందర తలస్నానం చేసి, మడిబట్ట కట్టుకొని లోపలికి పోండి, ఏ దోషమూ లేదు" అన్నారు. గుడి ముందర, అదీ నలుగురి కంట పడకుండా స్నానం చెయ్యాలంటే స్నానాల గది ఉన్న బండి కావాలి. అందుకని మోటార్‌హోమ్ మాట్లాడాం. ఇలాంటి అవసరం ఉన్నవాళ్ళు ఇంకా ఉంటారనే ఇదంతా రాస్తున్నాను.

బండి అద్దె రోజుకు పదకొండు వేలు, డీజిల్ మనదే. మంచం, చిన్న వంటగట్టు, వెనక స్నానాల గది, అందులోనే టాయిలెట్టు, నూరు లీటర్ల నీళ్ళ ట్యాంకు. డ్రైవరు మునిరత్నం చిత్తూరు వైపు మనిషి, యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు. ఉదయం ఎనిమిదికి తిరుపతిలో బయలుదేరాం. వడమాలపేట, పుత్తూరు మీదుగా కార్వేటినగరం యాభై కిలోమీటర్లు. పుత్తూరు దాకా హైవే, ఆ తర్వాత రోడ్డు ఇరుకు, బండి వెడల్పు కాబట్టి అక్కడక్కడ నిదానించాల్సిందే. పదిలోగా చేరి, దర్శనం చేసుకొని, పెనుమూరు మీదుగా కాణిపాకం వెళ్ళి చీకటి పడేలోగా ఇల్లు చేరాలని నా లెక్క. గుడి పన్నెండుకు మూస్తారని ముందే కనుక్కున్నాను.

పుత్తూరులో ఇడ్లీల కోసం ఆగినప్పుడు చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పితే నీళ్ళు సన్నగా, దగ్గుతూ వచ్చాయి. ఇంకో నిమిషానికి అవీ లేవు. కింద పంపు మాత్రం గుర్రుమని తిరుగుతూనే ఉంది. నా నోరు మంచిది కాదని మా చుట్టాలందరికీ తెలుసు, ఆ రోజు మునిరత్నానికీ తెలిసింది. "ఏం నీళ్ళు పట్టావయ్యా? ట్యాంకు కడిగావా అసలు?" అని మొదలుపెట్టాను.

"నిండా పట్టినాను మ్మా. ఇదో సూడండి, ముల్లు నిండుగానే సూపిస్తా ఉండాది" అన్నాడు. బండి యజమానికి ఫోన్ చేసి, ఆయన చెప్పింది నాకు విప్పి చెప్పాడు. "మోటారు తిరక్కపోతే ఫ్యూజు పోయినట్టు. తిరుగుతా కూడా నీళ్ళు రాలేదంటే, పైపులోకి గాలన్నా దూరుండాల, దాని ముందర ఉండే ఫిల్టరన్నా మూసుకోనుండాల. ఆ ఫిల్టరు సామి కూర్సోనుండే బెంచీ కింద ఉండాది."

మా ఆయన లేవలేదు. "ఇప్పుడొద్దు. ఆడికి పోయినాక సూసుకోవచ్చు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని అనలేక మళ్ళీ డ్రైవరు మీద పడ్డాను. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. ఇసుక నీళ్ళు పట్టి ఉంటావన్నాను, రోగి ఉన్న బండి అని బుద్ధి లేదా అన్నాను. అతను ఇడ్లీ సగంలో వదిలేసి బండెక్కాడు.

పదీ నలభైకి గుడి వీధిలో ఆగాం. ఎదురుగా గోపురం, లోపల్నుంచి గంట వినబడుతోంది. అప్పుడు కూడా మా ఆయన బెంచీ మీంచి లేవరే! దగ్గరికి వెళ్ళేసరికి వాసన వచ్చింది. పుత్తూరు ముందే సంచీ ఊడి కారడం మొదలైందట. డ్రైవరుకు తెలుస్తుందని, తువ్వాలు అదిమి పట్టుకుని గంటన్నర అలాగే కూర్చున్నారు. "వాణ్ణి కిందకి పంపించే" అన్నారు నా మొహం చూడకుండా. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి.

తాగడానికి తెచ్చుకున్న మూడు సీసాల నీళ్ళతో ఒళ్ళు తుడిచి, ఉన్న ఒక్క కొత్త సంచీ మార్చాను. దానికే అరగంట పట్టింది. తుడుచుకోవడం వేరు, తలస్నానం వేరు. ఆచార్యులవారు చెప్పిన స్నానం కాకుండా ఆయన ఆ గడప తొక్కరని నాకు తెలుసు. వీధిలో ఎవరింట్లోనైనా రెండు బిందెలు అడుగుతానంటే, "వద్దు. ఎందుకని అడుగుతారు" అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మాకు పూజారి కూడా ఇచ్చాడు, పంపు ఇవ్వలేదు. ఆయన్ని స్నానాల గదిలో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి తలుపు వేసి, మునిరత్నాన్ని పిలిచాను.

లోపలికి వచ్చినవాడు ముక్కు చిట్లించలేదు. తడిసిన బెంచీ పరుపు తనే ఎత్తి బయట పెట్టాడు. పలక తీస్తే పంపు, దాని ముందు గాజు గ్లాసులా కనబడే చిన్న ఫిల్టరు ఉన్నాయి. పంపు ఆపి, ఫిల్టరు గిన్నెను చేత్తోనే తిప్పి ఊడదీశాడు. లోపల ఇసుక గింజ లేదు. నల్లబడి, ముద్దకట్టి, జాలీ నిండా తులసి ఆకులు.

ఇంటి దగ్గర తులసి మొక్క పొద్దున బోసిగా కనబడితే చీడ పట్టిందనుకున్నాను. మునిరత్నం గొంతు బాగా తగ్గించి, "పొద్దున మీ ఇంటికాడ నేను టీ తాగతా ఉన్నెప్పుడు సామి ట్యాంకు మూత తీస్తా ఉంటే సూసినాను మ్మా. తీర్థం కలపతా ఉండారేమో అనుకుంటి" అన్నాడు. అంటే పుత్తూరు నుంచీ అతనికి అనుమానం ఉంది. ఉండి కూడా నా తిట్లన్నీ తిన్నాడు.

ఆ నీళ్ళతో స్నానం చేస్తే తన ఒళ్ళు మళ్ళీ గుడికి పనికొస్తుందని మా ఆయన ఆశపడి ఉంటారు. నాకు చెప్పలేదు. చెబితే నవ్వుతానని కాబోలు.

తలుపు అవతలి నుంచి ఆయన గొంతు వినబడింది. "ఏముండాది రా దాంట్లో?"

మునిరత్నం నా వైపు చూశాడు. ఆకుల్ని పిడికిట్లో మూసుకుని, "ఇసక సామీ! మా షెడ్డు బోరు నీళ్ళల్లో ఇసక వస్తాది. తప్పు నాదే" అని గట్టిగా చెప్పాడు.

జాలీ కడిగి, రబ్బరు వాషరు సరిగ్గా కూర్చోబెట్టి గిన్నె బిగించాడు. వాషరు వంకరగా ఉంటే గాలి లాగి మళ్ళీ అదే పాట అట. పంపు వేసి, చివరి కుళాయి తెరిచి ఉంచాడు. గాలి చాలాసేపు బుసబుసమని పోయింది, తర్వాత ధారగా నీళ్ళు వచ్చాయి. అప్పటికి పన్నెండుకు ఎనిమిది నిమిషాలు. అయ్యవారిని కాసేపు ఆగమనడానికి మునిరత్నం గుడికి పరుగెత్తాడు. నేను ఆయనకు తలమీద నీళ్ళు పోసి, పంచె కట్టి, నామం దిద్ది, చెయ్యి పట్టుకుని దించేసరికి మునిరత్నం ఒట్టి చేతులతో తిరిగి వస్తున్నాడు. "వాకిట్లో ఉండే మనిషిని బతిమాలినాను మ్మా. అయ్యవారు పన్నెండు కాకముందే మూసేసి బండెక్కి ఎల్లిపోయినాడంట. మళ్ళా సాయంత్రం అయిదుకే."

సాయంత్రం దాకా ఉండటానికి ఇంకో సంచీ లేదు, ఒకటే అదనంగా తెచ్చాను. ఆయనకు వణుకు కూడా మొదలైంది. మూసిన తలుపు ముందు, రోడ్డు మీదే చేతులు జోడించి కాసేపు నిలబడ్డారు. "పాయె. ఇంకోసారి వద్దాంలే" అని ఎక్కి పడుకున్నారు. కాణిపాకం మాట ఎవరమూ ఎత్తలేదు. రెండున్నరకు తిరుపతిలో ఉన్నాం.

ఇంకోసారి రాలేదు. రెండు నెలలకు ఆసుపత్రిలో, మందు మత్తు తగ్గిన ఒక మధ్యాహ్నం ఆయన ఉన్నట్టుండి, "ఆ మునిరత్నం మంచోడే. నాకోసం ఇసక అని అబద్ధమాడినాడు" అన్నారు. ఆ వారంలోనే పోయారు. నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే, ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఆకులు చెంబులో వేసి ఇచ్చేదాన్ని కదా. నా మీద అంతకంటే ఎక్కువ కోపం. ఆ గంటన్నరా నేను తిట్టడంలో పడి ఆయన మొహం చూడలేదు. పదో రోజు అయ్యాక మునిరత్నానికి ఫోన్ చేసి తప్పైపోయిందన్నాను. "అట్ట అనాకండి మ్మా" అని, "సామి ఎట్టుండాడు?" అని అడిగాడు. చెప్పాల్సి వచ్చింది.

ఇలాంటి బండిలో వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. బండి ఎంత కొత్తదైనా, ట్యాంకు ఎంత నిండినా, పంపుతో పనిలేకుండా వంచుకుని పోసుకునేలా ఇరవై లీటర్ల క్యాను ఒకటి, చెంబు ఒకటి విడిగా పెట్టుకోండి. మా వీధి చివర ఆ క్యాను ముప్పై రూపాయలు. అది ఉండి ఉంటే ఆయన పదకొండున్నరకు గుళ్ళో ఉండేవారు.