సాక తాగిన కోడి

బోధన్‌లో మా తుకారాం కోడి మూడు రోజులు నిద్రపోయింది. సరే, మూడు రోజులు కాదు, ఒక పూట. గురక మాత్రం నిజం.

చెరకు నరికే తుకారాం రోజూ తాగేముందు పోచమ్మ పేరున కాస్త కల్లు నేలమీద సాక పోసేవాడు. ఒకనాడు ఆ తడిలో గింజలు ఏరుకున్న కోడి పొద్దుగూకేదాకా లేవలేదు. అతని భార్య భూమవ్వ హడలిపోయింది.

“రెండు సుక్కలకే కోడి గిట్లయింది, నువ్వు రెండు సీసలు తాగుతవు. తాగకుంటే చేతులు వణికి కత్తి వట్టరాదు. నడువు దవాఖానకు!”

కల్లులో మత్తుమందు కలిసిందని, ఒక్కసారిగా మానితే ఫిట్స్ వస్తాయని చెప్పి, నిజామాబాద్ డాక్టరు మందులతో మెల్లగా మాన్పించాడు.

నిన్న ఈ కథ తుకారాంకే చదివి వినిపించాను. వణకని చేత్తో కోడికి నూకలు చల్లుతూ తుకారాం అన్నాడు:

“అన్ని అబద్ధాలే తాతా. నేనెన్నడు కల్లు తాగలే. మా ఇంట్ల కోడే లేదు.”