వీధిపోటు ఇంటి బేరం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై ఏడేళ్ళ వయసు, కొత్తగా పెళ్ళి, రాజమండ్రిలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో సేల్స్ ఉద్యోగం, కాపురమేమో మామగారింట్లో పై వాటాలో. ఇంత చిన్న బతుకులో అంత జ్ఞానం ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా, ఫోన్లోంచే. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు కౌంటరు వెనక కూర్చుని వీడియోలు చూసేవాణ్ణి. ఒక వీడియోలో ఎవరో దొరగారు పాడుబడిన ఇల్లు కొని, గోడలకి రంగులేసి, గుమ్మం ముందు నాలుగు కుండీలు పెట్టి, రెట్టింపు ధరకి అమ్మేసి చేతులు దులుపుకున్నాడు. 'ఓస్, ఇంతేనా!' అనిపించింది. (ఈ 'ఓస్, ఇంతేనా' అనే గుణం మా వంశంలో ఉంది. మా చిన్నాన్న ఒకాయన ఇలాగే అని రొయ్యల చెరువులోకి దిగారు. ఇప్పటికీ ఆయన ముందు రొయ్యల వేపుడు పేరెత్తం.)

నా చేతిలో డబ్బు లేదు. ఉన్నదల్లా మా ఆవిడ పెళ్ళికి ముందు నుంచీ బడిపంతులమ్మ జీతంలో దాచుకున్న సొమ్ము. ఒకరోజు భోజనాల దగ్గర సంగతి కదిపాను. మా వైపు ఇలాంటి వ్యాపారానికి ఒక పద్ధతి ఉంది: ఇంటి యజమానికి కొంత అడ్వాన్సు ఇచ్చి, ఆర్నెల్ల గడువుతో అగ్రిమెంటు రాయించుకుని తాళాలు తీసుకోవడం, ఈలోగా మరొకరికి ఎక్కువ ధరకి కుదిర్చి, రిజిస్ట్రేషను నేరుగా వాళ్ళ పేరున చేయించేయడం. మధ్యలో తేడా మనది. గడువు దాటితే అడ్వాన్సు మీద ఆశ వదులుకోవాలి. అంతా విని మా ఆవిడ, "ఒకవేళ పోతేనండి?" అంది. "ఎందుకు పోతుంది?" అన్నాను. "పోతే అని అడుగుతున్నాను," అంది. "పోదు. ఆర్నెల్లలో ఆ లాభంతో మనకంటూ సొంతిల్లు, సొంత కాపురం," అన్నాను. నా మొహంలోకి ఒకసారి చూసి, డబ్బు తెచ్చి చేతిలో పెట్టింది. ఆ నమ్మకం చూసి నాకు కొంచెం భయమేసింది కానీ, మీసం మీద చెయ్యి వేసుకుని సర్దుకున్నాను. అసలు నా కడుపుమంట వేరు. మామగారు చాలా మంచివారు. ఎవరొచ్చినా, "మా అల్లుడు గారు మా దగ్గరే ఉంటారండి," అని ఎంతో ప్రేమగా చెప్పేవారు. ఆ 'మా దగ్గరే' విన్నప్పుడల్లా నాకు పెసరట్టు గొంతు దిగేది కాదు.

ఇల్లు చూపించిన బ్రోకరుని మేం 'ఆయ్ గారు' అనేవాళ్ళం. ఏమడిగినా ముందు "ఆయ్" అని, తరవాత మిగతాది చెప్పేవాడు. కోరుకొండ వెళ్ళే రోడ్డు వైపు ఒక డాబా. యజమాని సామర్లకోటలో ఉంటున్న మేష్టారు. "ధర ఇంత తక్కువేంటండీ?" అన్నాను. "ఆయ్, మేష్టారికి రాజమండ్రి వచ్చే ఓపిక లేదండి. తమరి అదృష్టమండి," అన్నాడు. నేను దొరగారి శిష్యుణ్ణి కదా, గోడలు తట్టి చూశాను, కుళాయిలు తిప్పి చూశాను, శ్లాబులో చెమ్మ ఉందేమో తల పైకెత్తి మెడ పట్టేసేదాకా చూశాను. గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఒక పొడవాటి సందు తిన్నగా మన గేటు మీదికే వస్తోంది. అందులోంచి గాలి ఎంత హాయిగా వీస్తోందో! "గాలి భలే ఉందండీ," అన్నాను. "ఆయ్, గాలి మాత్రం చెప్పక్కర్లేదండి," అన్నాడు ఆయ్ గారు, ఎటో చూస్తూ.

అగ్రిమెంటు అయ్యాక మామగారిని తీసుకెళ్ళాను. ఆయన ఇంట్లోకి అడుగైనా పెట్టలేదు. గేటు దగ్గర ఇంటికి వీపు పెట్టి నిలబడి, సందు వైపు చూసి, మెల్లిగా అన్నారు. "అల్లుడు గారూ, ఇది వీధిపోటండి. అందులోనూ నైరుతి." వీధి తిన్నగా వచ్చి ఇంటిని పొడిస్తే ఆ ఇల్లు కలిసిరాదని మా ఊళ్ళో పాలు పోసేవాడికి కూడా తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నవాణ్ణి, నాకూ తెలుసు. కానీ ఆ రోజు నేను చూసింది దొరగారి కళ్ళతో. ఆయన వీడియోలో వీధిపోటు ఊసే లేదు మరి.

సరే, మునిగాక చలేమిటని పని మొదలుపెట్టాను. దొరగారి ఇంటిలాగే గోడలకి బూడిద రంగు చెప్పాను. తాపీ మేస్త్రి డబ్బా మూత తీసి చూసి, "ఇదేం రంగండీ బాబూ, ఇంట్లో ఎవరైనా పోయారాండి?" అన్నాడు. రెండు గోడలయ్యాక అత్తగారు వచ్చి చూసి కళ్ళు తుడుచుకున్నారు. దాంతో మళ్ళీ మొదటికొచ్చి లేత పసుపు వేయించాం. వంటింటి పనులన్నీ మా ఆవిడ బడి అయ్యాక వచ్చి దగ్గరుండి చూసుకునేది. ఇల్లు నిజంగానే కళకళలాడింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు లోపలున్నంతసేపూ "బాగుందండి, బాగుందండి" అనేవాళ్ళు. బయటికొచ్చి సందు చూడగానే మొహం మారిపోయేది. "ఇంట్లో అడిగి చెప్తామండి" అనేవాళ్ళు. ఆ ఇంట్లోవాళ్ళు పక్కనే నిలబడి ఉండేవాళ్ళు!

చివరికి ఆయ్ గారే ఉపాయం చెప్పాడు. "ఆయ్, పోటుకి ఎదురుగా ప్రహరీలో వినాయకుణ్ణి పెట్టేయండి. దోషం ఆయనే చూసుకుంటాడు." అది మా వైపు అందరూ చేసే పనే. మేస్త్రి చేత గోడలో చిన్న గూడు కట్టించి, టైల్సు అంటించి, అందులో చిన్న రాతి వినాయకుణ్ణి కూర్చోబెట్టాను. మర్నాడు చూద్దును కదా, ఎవరో మందారపువ్వు పెట్టి వెళ్ళారు. ఆ వారంలో అగరొత్తులు, దీపం. ఆటోవాళ్ళు బండి ఆపి దణ్ణం పెట్టుకుని మరీ పోతున్నారు. ఎదురింటి బామ్మగారి మనవడికి మొక్కుకున్నాక కోరిన కాలేజీలో సీటొచ్చింది. ఇంకేముంది! ఆవిడ గంట కట్టించారు. ఎవరో రేకుల పందిరి వేయించారు. ఇంకెవరో హుండీ పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపాను. తరవాత వచ్చిన కొనేవాళ్ళు సందు వైపు చూడను కూడా చూడలేదు. "అయ్యో, గుడిని ఆనుకుని సంసారులు ఉండకూడదండి," అని చెప్పులు తొడుక్కున్నారు. మామగారికి చెప్తే నవ్వు ఆపుకోలేకపోయారు. "వినాయకుణ్ణి చెయ్యబోతే కోతయిందంటారు. మీకు వినాయకుడు వినాయకుడే అయి కూర్చున్నాడండి, అదీ చిక్కు!" నాకు మాత్రం నవ్వు రాలేదు. గడువు దగ్గర పడుతోంది. మా ఆవిడ బడి నుంచి వచ్చి, ఏమీ అడగకుండా కాఫీ ఇచ్చేది. అడిగితే బాగుండేదనిపించేది.

అలాంటప్పుడు భీమవరం వైపు నుంచి చెరువుల కామందు ఒకాయన వచ్చారు. ఇల్లు నచ్చింది, ధర కుదిరింది. "వీధిపోటు నేను పట్టించుకోనండి. కానీ ఆ గుడి మాత్రం తీసేయాలి," అన్నారు. దేవుణ్ణి వేరే గుళ్ళో అప్పజెప్పడానికి పురోహితుణ్ణి అడిగి మంచిరోజు పెట్టించాను. ఆ ఉదయం వెళ్తే వీధి వీధంతా అక్కడే ఉంది. మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "పెట్టిన చేత్తో నేను తియ్యనండి బాబూ. తమరే కానివ్వండి." నేను గూడు ముందు నిలబడ్డాను. బామ్మగారు ముందుకొచ్చి, "తీసుకెళ్ళు నాయనా, పెట్టినవాడివి నువ్వేగా, ఎవరు కాదంటారు? ఒక్క కొబ్బరికాయ కొట్టి తీసుకెళ్ళు," అన్నారు. కొంగుతో కళ్ళొత్తుకోవడం కూడా చూశాను. కొబ్బరికాయ కొట్టాను. పురోహితులవారు హారతి ఇచ్చారు. ప్రసాదం పంచుతుంటే ఆ వరసలో చెయ్యి చాపి నిలబడ్డ మనిషిని చూద్దును కదా, భీమవరం ఆయనే! కొబ్బరిముక్క కళ్ళకద్దుకుని, లెంపలేసుకుని, నన్ను పక్కకి పిలిచారు. "ఏమనుకోకండేం. దేవుణ్ణి లేపి ఆ చోట్లో నేను కూర్చోలేనండి," అని కారెక్కి వెళ్ళిపోయారు. వినాయకుడు ఉన్నచోటే ఉండిపోయాడు. జనమంతా నన్నేదో ఘనకార్యం చేసినవాడిలా చూశారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇంటికెళ్ళి మా ఆవిడకి ఎలాగో చెప్పేశాను. "నీ డబ్బు పోయినట్టే," అన్నాను. ఆవిడ, "పోనీ మనమే ఉంటే ఏం?" అంది. గుడి పక్కన సంసారులు... అని నేను గొణిగాను. "దేవుడికి లేని అభ్యంతరం మీకెందుకండి? నాకసలు అది అమ్మాలనే లేదు. వంటగట్టు నా ఎత్తుకి సరిపోయేలా కట్టించుకున్నాను. మీరు ఒక్కసారైనా చూశారా?" అని ఒక్కసారిగా ఏడ్చేసింది. గూడు కట్టినప్పటి నుంచీ కొనేవాళ్ళు వచ్చినప్పుడల్లా 'నచ్చకూడదు' అని అదే వినాయకుడికి మొక్కుకునేదట. నేను 'నచ్చాలి' అని మొక్కేవాణ్ణి. ఆయన ఎవరి మాట విన్నాడో మీకు తెలుస్తూనే ఉంది. ఆవిడ ఉద్యోగం మీద బ్యాంకు లోను వచ్చింది. హామీ సంతకం మామగారు పెట్టారు. సామర్లకోట మేష్టారు రిజిస్ట్రేషను మా పేరునే చేశారు.

ఇప్పుడు నాకు రంగుల దుకాణం ఉంది. బూడిద రంగు అడిగినవాళ్ళకి ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోమని చెప్తాను. పొద్దున్నే లేచి దీపం పెట్టడం నా వంతు. ఆలస్యమైతే ఆటోవాళ్ళు హారన్ కొడతారు. మొన్న ఒక కుర్రాడు మెడలో ఇయర్‌ఫోన్లు వేలాడేసుకుని వచ్చి, గోడలు తట్టి చూసి, "ఇల్లు ఇచ్చే ఉద్దేశం ఉందాండి? రెండు నెలల్లో ఇంకొకరికి తిప్పేస్తాను," అన్నాడు. వాడి మొహంలో ఆ 'ఓస్, ఇంతేనా' చూసి నాకు ముచ్చటేసింది. ధర చెప్పబోయి నోరు తెరిచాను కూడా. వంటింట్లోంచి మా ఆవిడ గొంతు ముందే వచ్చేసింది. "వద్దు బాబూ, ఆయన్ని అడక్కు. ఇల్లమ్మడం ఆయనకి చేతకాదు." వాడు నా వైపు జాలిగా చూశాడు. నేను అవునన్నట్టు తలూపి, లోపలికెళ్ళి, ఆవిడ ఎత్తుకి కట్టిన గట్టు మీద నడుం వంచుకుని కాఫీ కలుపుకున్నాను.