పాత కాడకు కొత్త పూత

శివరాత్రి దాటింది. సురంగల్‌లో నీలమ్మ పెరటి చిక్కుడు పందిరి సగం ఎండిపోయింది. ఆదివారం దాన్ని పీకించి, అక్కడ స్కూటీకి షెడ్డు వేయిస్తానని కోడలు ఝాన్సీ పట్టుబట్టింది.

"ఇగ కాయదు అత్తమ్మా."

"నీ దిక్కు కాయదు. నా దిక్కు జర చూసి పీకు," అంది నీలమ్మ.

ఝాన్సీ వెళ్లి చూసింది. చలికాలమంతా పందిరికి ఈ పక్క తాను కొత్త కత్తెరతో గుత్తులకు గుత్తులే కోసింది. ఆ పక్క నీలమ్మ, అరిగి వేలెడంత మిగిలిన కొడవలితో ఒక్కో కాయనే తెంపి, ఖాళీ కాడను తీగకే వదిలేసేది. ముప్పయ్యేళ్లు కనకమామిడి ఊళ్లో కూరగాయల తోటల్లో కూలికి పోయిన మనిషి చాదస్తమనుకుంది ఝాన్సీ. ఇప్పుడు ఆ కాడల కొసల్లోనే ఊదా పూలు విచ్చుకున్నాయి. ఒక్కో కాడ మీద మూడు కోతల మచ్చలు, వాటి పైన లేత పిందెలు. ఇందులో మహిమేమీ లేదు, కాడ మిగిలింది కాబట్టి మళ్లీ పూసింది. ఝాన్సీ తన పక్క చూసుకుంది, అక్కడ తీగకు ఒక్క కాడా మిగల్లేదు.

"గీ ముచ్చట ముందే చెప్పొద్దా అత్తమ్మా?"

"కత్తెర కొన్న మురిపెంల ఉంటివి. ఎట్ల చెప్పాలె?"

షెడ్డు మేస్త్రీకి ఝాన్సీయే ఫోన్ చేసి రావద్దంది. తర్వాత అత్త ముందు చెయ్యి చాపి, ఆ అరిగిన కొడవలి అడిగింది.