తుపాకీ మనిషి నోట నా మాట

మా అమ్మ ఎన్ని దెబ్బలు తిన్నా మా బాపు కంట నీటిచుక్క రాలేదు. జపాన్ వాళ్ళ పాత కార్టూన్ సీరియల్లో ఒక తుపాకీ మనిషి దెబ్బలు తింటే మాత్రం తువ్వాలుతో కళ్ళు తుడుచుకునేవాడు.

తెలంగాణ నుంచి వలస వచ్చి సూరత్‌లోని లింబాయత్ బస్తీలో ఉంటున్నాం, మాది ఒక గది ఇల్లు. బాపు మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. ఆ మోతకు చెవులు సగం పోయాయి, కోపం మాత్రం పోలేదు. కూరలో ఉప్పు తగ్గినా, కార్ఖానా మాస్టర్ తిట్టినా, దారం తెగి బట్ట పాడైనా అన్నీ అమ్మ వీపు మీదే తేలేవి. కాలేజీలో చదువుతున్న నేను అడ్డం వెళ్తే పక్కకు నెట్టేవాడు. "సదువుకునే పిల్లను ఎట్ల కొడత?" అనేవాడు. ఎంత దయో!

ఒక సెలవునాడు మధ్యాహ్నం నా ఫోన్‌లో ఆ సీరియల్ చూస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. మాటలు జపాన్ భాషలో, కింద ఇంగ్లీషు అక్షరాలు. బాపుకు రెండూ రావు. అప్పటినుంచి ప్రతి సెలవుకూ "ఏమంటుండు బిడ్డా వాడు?" అని అడిగితే నేను తెలుగులో చెప్పేదాన్ని. ఆ హీరో గురి తప్పదు, అయినా ఒక్కడినీ చంపడు. బాపుకు వాడంటే పిచ్చి పట్టుకుంది. "మొగోడంటే గట్లుండాలె" అనేవాడు, అమ్మ ముందరే, సిగ్గు లేకుండా.

ఒక ఎపిసోడ్‌లో తాగుబోతు ఒకడు హీరోను చావగొడతాడు. హీరో తుపాకీలోని తూటాలు తీసి బల్ల మీద పెట్టి ఊరికే నిలబడతాడు. చివరికి పెదవి చిట్లి, నవ్వుతూ, "నొప్పిగా ఉంది" అంటాడు. అంతే.

"ఏమన్నడు?" అంటూ బాపు నా మోచేయి పట్టుకున్నాడు. ఆ పొద్దున తిన్న దెబ్బకు అమ్మ చెవి దగ్గర వాచి ఉంది. నా నోట్లోంచి వచ్చేసింది.

"ఇంట్ల ఆడదాన్ని కొట్టెటోడు మొగోడే కాదు, చేతిల తుపాకి ఉన్నా వాడు పిరికోడే అన్నడు, బాపు."

ఆ రోజు నుంచి బాపు కొట్టడం మానేశాడు. నిజంగానే మానేశాడు. ఎత్తిన చెయ్యి మధ్యలో ఆపి, తల గోక్కుంటూ బయటికి వెళ్ళిపోవడం కళ్ళారా చూశాను. పెళ్ళాం ఏడిస్తే కరగని మనిషి, కూతురు బతిమాలితే వినని మనిషి, బొమ్మ చెబితే విన్నాడు! నాకు ఒళ్ళు మండింది, సంతోషమూ వేసింది. అమ్మ నిద్రలో ఉలిక్కిపడడం తగ్గింది.

మగ్గాల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు. అక్కడ అందరూ పెదవులు చూసే మాట పోల్చుకుంటారు. బాపు అందులో ఆరితేరినవాడు. ఆ ఎపిసోడ్ మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూసి, ఒకరోజు ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నాడు.

"వీని నోరు జరంతే కదిలింది. నువ్వేమో గంత పొడుగు చెప్పినవ్. ఏందే ఇది?"

"గదే అన్నడు, బాపు."

"మీ అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్."

ఒట్టు అబద్ధమైతే ఎవరి తల మీద వేశామో వాళ్ళు పోతారని మావాళ్ళ నమ్మకం. నాకు అలాంటివి లేవని కాలేజీలో గొప్పగా వాదించేదాన్ని. అమ్మ రొట్టెల పీట వదిలి తనే వచ్చి నా ముందు కూర్చుంది. పిండి చేత్తో కొంగు జరిపి తల వంచింది.

"ఎయ్యి బిడ్డా," అంది.

తల మీద చెయ్యి పెట్టాను. పాపిట వెచ్చగా తగిలింది. ఒట్టు వెయ్యకుండానే చెయ్యి తీసేశాను.

బాపుకు అంతకన్నా సాక్ష్యం అక్కరలేకపోయింది. అప్పుడూ నన్ను ముట్టుకోలేదు. "నా బిడ్డకు అబద్ధాలు నేర్పుతున్నవా?" అంటూ ఇన్నాళ్ళు ఆపుకున్న దెబ్బలన్నీ కలిపి అమ్మను కొట్టాడు. పిండి గదంతా చిందింది. నేను అడ్డం పడితే మామూలుగానే పక్కకు నెట్టాడు. ఫోన్‌లో ఆ దయగల హీరో నవ్వుతూనే ఉన్నాడు.

బాపు డ్యూటీకి వెళ్ళాక, వేడినీళ్ళలో గుడ్డ ముంచి అమ్మ భుజానికి కాపడం పెట్టాను. "నీకేమన్న అయితదేమోనని భయమైందమ్మా," అన్నాను. అమ్మకు నా మీద కోపం రావడం అప్పుడే చూశాను.

"ఇన్నేండ్ల దెబ్బలకే సావలే," అంది. "నీ ఒట్టుకు సచ్చేదాన్నా?"