చుక్కల లెక్కకు రెండు జవాబులుండవు

తక్ ఇన్‌సుక్ పంపిన మొదటి సవరణ సంగాజిలోకి ఎక్కడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఏడుసార్లు తిరిగొచ్చింది, ఎనిమిదోసారి నిలిచింది. అంతా కలిపి ఆరు వరుసల ప్రోగ్రాం. పొలం మూలలను గడియారం ముల్లు తిరిగే వైపుగా చెబితే సంగాజి ఆ పొలం వైశాల్యాన్ని సున్నా కంటే తక్కువగా చూపించేది. అలా చూపించకుండా చేసిన ఆరు వరుసలవి. భూకొలతల ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు పొలాల వైశాల్యాలు కట్టిన మనిషి కాబట్టి ఆ తప్పు ఆమె కంటపడింది. సున్నా కంటే తక్కువ పొలం ఉన్న రైతు ఆమెకు ఎన్నడూ తారసపడలేదు.

సంగాజి అంటే పూర్వం లెక్కలకు వాడిన పుల్లలు. ఆ పేరుతో మా దేశంలో కొందరు కలిసి కట్టుకున్న గణిత సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి లోపల చూడవచ్చు, బాగుచేసి తిరిగి పంపవచ్చు. కట్టుబాటు మాత్రం ఒకటుంది: ఎవరు రాసినదాన్ని వారే సరే అనుకోకూడదు, ఇంకొకరు చూసి ఔననాలి. ఇన్‌సుక్ రాసిన ఆరు వరుసలను ఏడుసార్లు తిప్పికొట్టింది మోక్ హారిన్. పోహాంగ్‌లో అప్పటికింకా పరిశోధక విద్యార్థిని, ఇన్‌సుక్ కంటే ఇరవై ఆరేళ్లు చిన్నది. తిప్పికొట్టిన ప్రతిసారీ ఎందుకు తిప్పికొట్టిందో రెండేసి పేజీలు ఓపిగ్గా రాసేది. ఆ పద్నాలుగు పేజీలను ఇన్‌సుక్ అచ్చు తీయించి బియ్యం డబ్బా పక్కన అట్టపెట్టెలో దాచుకుంది. ఎవరైనా చదువు సంగతి అడిగితే ఆ పెట్టె చూపిస్తుంది.

ఘనత చెప్పుకోవాలంటే ఇంకా ఉంది. యాభై నాలుగో ఏట దూరవిద్యలో గణితం పట్టా పుచ్చుకుంది. సంగాజిలో అరవై మూడు తప్పులు పట్టింది. ఏడాదికి రెండు చొప్పున పందొమ్మిది విడుదలలకు పరీక్షలు నడిపింది, ఒక్కటీ వదల్లేదు. తుపానుకు కరెంటు పోయిన ఏడాది బస్సెక్కి గ్వాంగ్జు పోయి, చెల్లెలి ఇంట్లో యంత్రం పెట్టి నడిపింది. బోల్గ్యో మొత్తం వెతికినా ఇలాంటి మనిషి ఇంకొకరు దొరకరు. మా బోల్గ్యో సంగతి అటుంచండి, బోసంగ్ జిల్లాలోనే దొరకరు.

ఆ యంత్రం సంగతీ చెప్పాలి. అరచేతి వెడల్పు పెట్టె, పాతది, ముప్ఫైరెండు బిట్లది, అంటే పెద్ద సంఖ్యలు ఒక్క పట్టున పట్టనిది. దానికి ఆమె పెట్టుకున్న పేరు కొమాక్, మా ఊరి బురదనేలల్లో దొరికే చిన్న ఆల్చిప్ప పేరు. ప్రతి విడుదలకు ముందు దేశంలో పన్నెండు చోట్ల పన్నెండు యంత్రాల మీద సంగాజిని పరీక్షిస్తారు. నలభై ఒక్క వేల ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న పక్కన రావలసిన జవాబు. కొత్త యంత్రాలు అరగంటలో ముగిస్తాయి. కొమాక్‌కు ముప్ఫై ఒక్క గంటలు పడుతుంది. అయినా దాన్ని ఎవరూ వద్దనలేదు, ఎందుకంటే దక్షిణాన ఉన్న చిన్న దీవుల బడుల్లో ఇప్పటికీ అలాంటి యంత్రాలే ఉన్నాయి. అలాంటివాటి తరఫున పరీక్ష రాసేది కొమాక్ ఒక్కటే. వరుసగా రెండు విడుదలల్లో పరీక్ష తప్పితే ఆ రకం యంత్రాన్ని జాబితాలోంచి తీసేస్తారు.

పోయిన నెల అక్టోబరులో కొమాక్ ఒక ప్రశ్న దగ్గర తప్పింది. మూడు మూలల పొలం లాంటి బొమ్మ ఇచ్చి, గళ్ల కాగితం మీద ఆ బొమ్మ లోపల ఎన్ని చుక్కలు పడతాయో చెప్పమనే ప్రశ్న. విడుదల చూసే గీ హన్‌గ్యల్ దేజన్ నుంచి ఫోన్ చేశాడు. ముప్ఫై నాలుగేళ్లవాడు, చొరవ ఎక్కువ. మొదటి వారం నుంచే ఆమెను పిన్నీ అని పిలిచాడు.

"పిన్నీ, భోంచేశారా?"

"తిన్నాలే. కొమాక్ ఒకచోట పడింది, చూశావా?"

"చూశాను. పదకొండు యంత్రాలూ ఒక్క మాట మీదున్నాయి. మీ కొమాక్ ఒక్కటే దాదాపు రెట్టింపు చెబుతోంది. పాపం ముసలిది, పెద్ద సంఖ్యలు దాని చెంబులో పట్టక ఒలికిపోయుంటాయి."

"ఒలికితే తగ్గాలి గానీ రెట్టింపవుతుందా నాయనా?"

"మీతో మాటల్లో గెలవలేను. వసంతంలో ఇలాంటి ఇంకో ప్రశ్నకు ఇలాగే వస్తే మీరే కదా రెండు జవాబులు రాశారు, పెద్ద యంత్రాలకు ఇది, చిన్నవాటికి ఇది అని. ఇప్పుడూ అలాగే ఒక వరుస రాసెయ్యండి. సోమవారం విడుదల. రాయకపోతే కొమాక్ ఒకసారి తప్పినట్టే లెక్క. నియమం మీకు తెలిసిందే, నేనేం సంతోషంగా చెప్పట్లేదు."

ఇన్‌సుక్ వసంతంలో రాసిన మాట నిజం. దశాంశాల చివర అంకెలు యంత్రానికో రకంగా రావడం మామూలే, అందుకే రెండు జవాబులు రాసే అలవాటు వీళ్లలో ఉంది. అదీ అలాంటిదేననుకుంది. పదకొండు యంత్రాల ముందు తన చిన్నదాన్ని నిలబెట్టడానికి సిగ్గుపడింది కూడా. ఆమె రాసింది, హారిన్ చూసి సరే అంది, హన్‌గ్యల్ ఎక్కించాడు. ఆరు నెలలుగా అది పరీక్ష ప్రశ్నల జాబితాలో ఉంది.

"హన్‌గ్యల్, ఇది దశాంశాల లెక్క కాదు. చుక్కలు. కొలిచే టేపు మారితే పొలం పెరుగుతుందా?"

"పెరగదు."

"ఆ ప్రశ్న పక్కన రాసిన జవాబు ఎవరు చేత్తో వేశారు?"

"చేత్తో ఎవరు వేస్తారు పిన్నీ? ప్రోగ్రాం ఇచ్చిందే తీసి పక్కన పెట్టాం."

"అంటే దొంగనే సాక్షిగా పిలిచామన్నమాట."

అవతల నవ్వు వినబడింది, తర్వాత ఆగిపోయింది. "ఆదివారం మధ్యాహ్నం దాకా ఆగగలను," అన్నాడు.

ఆఫీసులో చేరిన కొత్తలో ఒక సంగతి జరిగింది. సముద్రం పూడ్చిన నేలను ఆరుగురు కొలిస్తే ఆరుగురి లెక్కా ఒకటే వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత తెలిసింది, ఆరుగురూ వాడింది ఒకే టేపు, అది సాగిపోయిన టేపు. అది గుర్తొచ్చి ఇన్‌సుక్ ఫోన్ పక్కన పెట్టి గళ్ల కాగితం తీసింది. మూలల కొలతలు తెలిస్తే వైశాల్యం కట్టడం ఆమెకు నిత్యం చేసిన పని. వైశాల్యం తెలిస్తే లోపలి చుక్కలు తెలుస్తాయి, ఆ సూత్రం పాతదే. ఎటొచ్చీ ఇక్కడ మూలల కొలతలే పదేసి అంకెలున్నాయి. ఉదయమంతా గుణించింది. పందొమ్మిది అంకెల జవాబు వచ్చింది. కొమాక్ ఏమందో మాత్రం చూడలేదు. లెక్క వేసినవాడు వేరు, సరిచూసేవాడు వేరు, ఇద్దరి ముద్రలూ పడేదాకా అది లెక్క కాదని ఆఫీసు కట్టుబాటు.

ఆమె లెక్కలను ఇరవై ఏళ్లు సరిచూసిన మనిషి పింగ్ సున్‌రే. ఇప్పుడు బజారులో ఆల్చిప్పలు అమ్ముతోంది. ఆ ఏటి తొలి సరుకు వచ్చిన వారం, కొట్టు ముందు జనం ఉన్నారు.

"అక్కా, ఒక లెక్క సరిచూడాలి."

"చేతులు చూడవే, మోచేతుల దాకా బురద. రిటైరై ఆరేళ్లయినా నన్ను వదలవా?"

"నీ ముద్ర ఉందా?"

"ముద్ర లేకుండా ఎప్పుడున్నాను? గల్లాపెట్టెలో ఉంది. ఎవరి పొలం?"

"ఎవరిదీ కాదు. ఉత్తుత్తి పొలం. మూడు మూలలు. ఒక మూల మూడొందల కోట్ల పైచిలుకు."

"మీటర్లా? ఇన్‌సుకా, ఆ పొలం చంద్రుణ్ణి దాటిపోతుంది. నీళ్లెలా పెడతారు?"

అంటూనే చేతులు కడుక్కుంది. సున్‌రే ఇన్‌సుక్ వేసిన కాగితాన్ని చూడలేదు, మూలల కొలతలు మాత్రం అడిగి తీసుకుంది. సరిచూసేవాళ్లు ఎదురు వైపు నుంచి తిరగాలి కాబట్టి అటునుంచి మొదలుపెట్టింది. సరుకు కోసం వచ్చిన ముసలాయన గొణిగితే, "ఆగవయ్యా, ఆకాశంలో పొలం కొలుస్తున్నా, ఆల్చిప్పలు ఎక్కడికీ పరిగెత్తవు," అంది. గంటన్నర తర్వాత పెన్సిలు కింద పెట్టి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టింది.

"పదమూడో అంకె," అంది. "ఇక్కడ ఒకటి మోయడం మరిచావు. ఆ ఇరవై ఏళ్లలో నూటిరవై సార్లు చెప్పాను."

ఇన్‌సుక్ చూసుకుంది. మరిచింది నిజమే. దిద్దింది. అప్పుడు సున్‌రే ముద్ర తీసి ఎర్రసిరాలో అద్ది తన పేరు పక్కన నొక్కింది, ఇన్‌సుక్ కూడా నొక్కింది. అప్పటికి గానీ ఫోన్ తీసి కొమాక్ జవాబు చూడలేదు. సున్‌రే ఒక్కో అంకె గట్టిగా చదివింది, ఇన్‌సుక్ కాగితం మీద వేలు జరుపుతూ పోయింది. పందొమ్మిది అంకెలూ కలిశాయి.

"నీ చిన్నది చెప్పింది నిజం," అంది సున్‌రే. "ఇంత మొహం పెట్టుకున్నావేం?"

"ఆ పెద్ద యంత్రాల్లో లెక్కను వేగంగా పరిగెత్తించింది హారిన్, అక్కా. ఏడాది కష్టపడింది. నాకు అక్షరాలు దిద్దించిన పిల్ల."

"దిద్దించింది కనకే చెప్పాలి. నువ్వు పదమూడో అంకె తప్పావని నేను ఊరుకున్నానా?"

ఇన్‌సుక్ ఇంటికి వెళ్లి అందరూ చూసే చర్చల పేజీలో రాసింది. మొదట తన తప్పే పెట్టింది: వసంతంలో చుక్కల లెక్కకు రెండు జవాబులు రాశాను, లెక్క చూసుకోకుండా రాశాను, అప్పుడే అడిగి ఉంటే ఆరు నెలలు తప్పు నిలిచేది కాదు. ఆ తర్వాత రెండు ముద్రలున్న కాగితం ఫోటో పెట్టింది. హారిన్ పేరు ఎక్కడా ఎత్తలేదు.

గంట తిరక్కముందే హారిన్ ఫోన్ చేసింది. పదేళ్లలో వాళ్లు గొంతులు వినడం అది మూడోసారి, ముఖాలు ఎన్నడూ చూసుకోలేదు.

"టీచరుగారూ, ఆ తప్పు నాది."

"నన్ను టీచరంటావేమిటి, టీచరువి నువ్వు. తప్పు నేను రాసింది."

"మీరు రాసింది పక్కన. తప్పు లోపలుంది. మూలల కొలతలు యంత్రం చేతిలో పడితే చాలు దగ్గరదారి పట్టమని రాశాను. కొలతలు పట్టాయి, వాటిని గుణిస్తే వచ్చేది పడుతుందా అని చూడలేదు. పెద్ద యంత్రాలు పడుతుందనుకుని దోసిట్లో పోసుకున్నాయి, ఒలికిపోయింది. మీ కొమాక్‌కు మొదటే చెయ్యి చిన్నదని తెలుసు, నిదానంగా వెళ్లి బిందె తెచ్చుకుంది."

"వసంతంలో నేను అడగాల్సింది."

"నేను సరే అనకుండా ఉండాల్సింది. మీ ఆరు వరుసల్ని ఏడుసార్లు తిప్పాను, దీన్ని ఒక్కసారీ తిప్పలేదు. అప్పటికి మీ మీద నమ్మకం కుదిరిపోయింది."

ఆ మాటకు ఇన్‌సుక్‌కు కళ్లు చెమర్చాయి. "నువ్వు ఏడుసార్లు తిప్పబట్టే ఈ రోజు తిప్పి అడగడం తెలిసింది తల్లీ," అంది.

సాయంత్రం హన్‌గ్యల్ చర్చల పేజీలో రాశాడు: తప్పు నాదంటే నాదని ఇద్దరు కొట్టుకోవడం ఈ పేజీలో మొదటిసారి చూస్తున్నాను, చూడకుండా ఎక్కించింది నేను కాబట్టి మూడోవాటా నాకూ ఇవ్వండి. విడుదల తొమ్మిది రోజులు వెనక్కు జరిపాడు. హారిన్ రెండు రోజుల్లో దగ్గరదారికి కాపలా పెట్టింది. ఇన్‌సుక్ చూసి ఒకసారి తిప్పికొట్టింది, రెండోసారి ఔనంది. వసంతంలో తాను రాసిన రెండు జవాబుల్లోంచి పెద్ద యంత్రాలదాన్ని తనే తీసేయబోయింది, హారిన్ సరే అనేదాకా ఆగింది. కొమాక్ మళ్లీ ముప్ఫై ఒక్క గంటలు నడిచింది. నలభై ఒక్క వేల ప్రశ్నల్లో ఒక్కటీ తప్పలేదు. జాబితాలో దాని పేరు ఉన్నచోటే ఉంది.

ప్రతి విడుదల మొదట్లో సాయపడినవాళ్ల పేర్లన్నీ వేసి కృతజ్ఞతలు చెబుతారు. తొలిసారి వచ్చిన పేరు పక్కన నక్షత్రం పెడతారు. ఈసారి ఒక్కటే నక్షత్రం: పింగ్ సున్‌రే, బోల్గ్యో బజారు, లెక్క సరిచూసినందుకు. ఇన్‌సుక్ ఆ పేజీ అచ్చు తీసి తెచ్చిస్తే సున్‌రే నీళ్లు పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి తక్కెడ పైన తగిలించింది. ఇప్పుడు ఎవరైనా తూకం మీద అనుమానపడితే వేలు ఆ కాగితం వైపు పోతుంది.

ఆ వారమే సంగాజివాళ్లు కొత్త నియమం రాసుకున్నారు: లెక్కపెట్టి చెప్పే ఏ ప్రశ్నకైనా జవాబును ప్రోగ్రాంతో కాకుండా ఇంకో దారిలో ఒకరు వేయాలి, వేరొకరు సరిచూడాలి. అది ఎలా చేయాలో వచ్చి చెప్పమని ఇన్‌సుక్‌ను తైవాన్‌లోని తైనాన్‌కు పిలిచారు. ఏటా సంగాజివాళ్లూ, చుట్టుపక్కల దేశాల్లో ఇలాంటి పనే చేసేవాళ్లూ అక్కడ వారం పాటు కూర్చుని కలిసి పని చేస్తారు. అరవై ఒకటో ఏట పాస్‌పోర్టు తీసుకుంది. ఫోటో కోసం మూడుసార్లు దువ్వుకుంది.

మొన్న బుధవారం బయల్దేరింది. సంచిలో హారిన్‌కు ఎండబెట్టిన సముద్రపు నాచు, హన్‌గ్యల్‌కు నిమ్మజాతి పండు యుజాతో చేసిన పాకం సీసా, మెడకు చుట్టుకునే ఉన్ని గుడ్డలో కొమాక్. అట్టపెట్టెలోంచి ఆ పద్నాలుగు పేజీలూ తీసి పైన పెట్టుకుంది. ముఖం చూడగానే చివరి పేజీ మీద హారిన్ చేత ముద్ర వేయించుకుంటుందట. బస్టాండుకు సున్‌రే వచ్చింది.

"అక్కడివాళ్ల ముందు పదమూడో అంకె తప్పకు."

"తప్పితే నీకు ఫోన్ చేస్తాలే అక్కా."

"క్యాబేజీలు ఎనభై చెప్పేశాను. చలికాలానికి కిమ్చి పచ్చడి పెట్టడం నువ్వొచ్చాకే. ఉప్పులో నానేసి కూర్చోలేను, చెప్పిన రోజుకు దిగు."

వీధిలో తొమ్మిదిళ్లవాళ్లం కిమ్చి ఆమె కోసం ఆపుకున్నాం. కారం దంచి పెట్టాం, వెల్లుల్లి వలుస్తున్నాం. ఇన్‌సుక్ బస్సు దిగేది నవంబరు ఇరవై ఒకటి, గురువారం సాయంత్రం.